వాకబుకొచ్చిన మనిషి

పర్చూరుకి నాలుగు మైళ్ళ అవతల, బసవమ్మ ఇంటి వసారాలో ఎండుమిరపకాయల రాశి. రాశికి అటూ ఇటూ కూర్చుని ఇద్దరు తొడిమలు తీస్తున్నారు. బసవమ్మ ఆ ఇంటి రైతు. ఊళ్ళో ఎవరి పిల్లకి సంబంధం చూడాలన్నా వాకబుకొచ్చినవాళ్ళు ముందు ఎక్కేది ఆవిడ గడపే. రెండో మనిషి సాజిదా, పక్కింట్లో పరుపులు కుట్టే ఇమాం హుస్సేన్ కూతురు. చేపల కాలేజీలో డిగ్రీ పూర్తిచేసిన పిల్ల, పొద్దున్నించీ నోరు విప్పకుండా కూర్చుంది. ఎదుటి మనిషి నోరు విప్పకపోతే ఊరుకునే రకం కాదు బసవమ్మ.

“తొడిమతో పాటు కాయ కూడా తుంచేస్తున్నావ్. అది నాలుగోది. ఏమయింది నీకు?”

“ఏం కాలేదత్తా.”

“ఏం కాకపోతే మిరపకాయలతో నీకు పగేంది?”

“ఏం కాలేదన్నాగా.”

“అన్నావులే. కళ్ళెందుకు ఎర్రగా ఉన్నయ్?”

“మిరపకాయల ముందు కూర్చుంటే ఎర్రగా కాక ఎట్టా ఉంటయ్?”

“నావి లేవుగా.”

“నీకు అలవాటయింది.”

“నువ్వూ ఈ ఘాటులోనే పుట్టావ్. సరేగానీ, ఆ స్కాలర్‌షిప్పు సంగతి ఏమన్నా తెలిసిందా?”

“తాలుకాయలు ఈ గంపలో వెయ్యనా, ఆ గంపలోనా?”

“తెల్లబడ్డయి ఎప్పుడూ ఆ గంపలోనే. అడిగినదానికి చెప్పు.”

“పొద్దున మెయిల్ వచ్చింది. ఇవ్వడం కుదరదంట.”

“అదేందే. కాలేజీలో నువ్వే ఫస్టంటివి.”

“సెకండు.”

“సెకండయితే మాత్రం. కేరళలో సీటొచ్చిందంటివి. సముద్రం గురించి రెండేళ్ళ పెద్ద చదువు, ఖర్చంతా ఆ ట్రస్టువాళ్ళే పెట్టుకుంటారంటివి.”

“అన్నీ అన్నాను. సీటుంది. నెలాఖరులోగా పోయి చేరాలి. చేరడానికి నాకున్న దారి ఇదొక్కటే. అది కాస్తా పోయింది.”

“ఎందుకు కాదన్నారంట?”

“మాకు అవసరం లేదంట.”

“ఏంది అవసరం లేనిది?”

“సాయం. కలిగిన కుటుంబమంట మాది.”

“మీదా?”

“మాదే.”

“ఆ మాట చెప్పినోళ్ళ నోట్లో మన్నుబడ. మీ ఇల్లు చూశారా వాళ్ళు? వానొస్తే మీ నాన్న దూది మూటలు మోసుకొచ్చి ఈ వసారాలో పెట్టుకుంటాడే.”

“అట్టా అనకత్తా.”

“అననా మరి? ఎవరు చెప్పారంట?”

“ఊళ్ళో విచారణ చేశారంట. మనిషిని పంపించి.”

“నేను చూడకుండా ఈ ఊళ్ళోకి ఏ మనిషి వస్తాడు?”

“అదే నేనూ అడుగుదామని కూర్చున్నా. మూడు వారాల కిందట ఎవరన్నా వచ్చారా? భుజానికి బ్యాగు, మోటారు సైకిలు. మా గురించి అడిగారా?”

“పురుగుమందులోళ్ళు వస్తారు, ఇత్తనాలోళ్ళు వస్తారు.”

“మా గురించి అడిగినవాళ్ళు.”

“మీ గురించా. ఎవరూ రాలేదే.”

“గుర్తు తెచ్చుకో.”

“రాలేదంటే రాలేదు. ఆ గంప ఇటు జరుపు.”

“ఆయన రాసిన రిపోర్టు కూడా పంపారు. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెప్తా విను. ‘ఈ కుటుంబాన్ని దగ్గరగా ఎరిగిన పక్కింటి రైతు మహిళ ఇచ్చిన వివరాలు.’”

“పక్కిల్లంటే అటు పక్క కూడా ఉంది. యలమంద వాళ్ళది.”

“యలమంద మావ మహిళ కాదుగా.”

“ఆయన పెళ్ళాం.”

“ఆవిడ నాలుగు నెలలుగా పొదిల్లో కూతురి దగ్గరుంది. నీకు తెలవదా?”

“చదువులే.”

“‘ఒకటి. కుటుంబానికి అయిదెకరాల మిరప చేను ఉంది.’ అయిదెకరాలంట. ఎక్కడుందో చెప్తే ఒకసారి పోయి చూసొస్తా.”

“ఆయన సరిగ్గా విని ఉండడు.”

“‘రెండు. ఇల్లు చిన్నదిగా కనపడుతున్నా, త్వరలో పడగొట్టి డాబా వేసే ఆలోచనలో ఉన్నారు.’”

“డాబా వెయ్యాలని మీ నాన్నకి ఉందా లేదా?”

“ఉంది.”

“మరింకేం.”

“‘మూడు. తండ్రికి పరుపుల వ్యాపారం. చేతి కింద పదిమంది పని చేస్తారు.’ దూదేకే మిషను మోపెడ్‌కి కట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి మా నాన్న. చేతి కింద నేనూ అమ్మా తప్ప ఎవరున్నారు, పదిమంది?”

“పది అన్లేదు నేను. నలుగురన్నా.”

“అంటే వచ్చాడన్నమాట.”

“వచ్చాడు.”

“ఇందాక రాలేదన్నావ్.”

“ఇందాక రాలేదు. ఇప్పుడు వచ్చాడు. కాయ తుంచకు, చెప్తున్నా.”

“ఎందుకు చెప్పావత్తా అట్టా?”

“సంబంధం వాకబుకి వచ్చాడనుకున్నానే.”

“ఎవరికి?”

“నీకే. ఇంకెవరికి? ఈ మెట్టు మీద కూచుని దాహమన్నాడు. ‘ఇమాం హుస్సేన్ గారి కుటుంబం ఎట్టాంటిదండీ’ అన్నాడు. ‘అమ్మాయి ఎట్టాంటిదండీ’ అన్నాడు. ఆ రెండు మాటలూ అడిగినోడు ఇంతవరకు పెళ్ళి పని మీద కాక ఇంకో పని మీద వచ్చాడా నా గడపకి? గడ్డం కూడా ఉంది. మీవాళ్ళేననుకున్నా.”

“ఎక్కడ్నించి వచ్చాడో అడగలేదా?”

“అడగకుండా ఉంటానా? గుంటూరన్నాడు. ట్రస్టన్నాడు. పెళ్ళికొడుకు ఆ ట్రస్టులో ఉద్యోగమనుకున్నా.”

“చదువు గురించి అడగలేదా?”

“అడిగాడు. ఇంకా చదవాలని ఉందా అమ్మాయికి అని.”

“ఏమన్నావ్?”

“ఇప్పుడదంతా ఎందుకులే.”

“ఇందులో ఉంది. ‘చదువు మీద పట్టుదలేం లేదు, పెద్దవాళ్ళు ఆపమంటే ఆపేస్తుంది. గడప దాటదు. గట్టిగా మాట్లాడదు.’”

“అందరి పిల్లలకీ చెప్పేదే అది.”

“చేపల గురించి కూడా అడిగాడంటగా.”

“‘చేపలు అవీ స్వయంగా ముట్టుకుంటదాండీ’ అన్నాడు. అప్పుడన్నా అనుమానం రావాల్సింది నాకు. వాళ్ళకి ఈ నీచు చదువు నచ్చలేదేమోనని నేనే సర్ది చెప్పా. ‘అబ్బే, చెయ్యి కూడా పెట్టదండీ, పుస్తకాల్లో బొమ్మలు చూసి రాస్తది’ అన్నా.”

“వాడరేవు ఒడ్డుకి చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్ళని ఏడాదిగా కోసి చూస్తున్నానత్తా. వాటి కడుపులో ఏం దొరికిందో ఒక్కోదానికీ రాసిపెట్టా. వల ముక్కలు, ప్లాస్టిక్ సంచులు. ఆ రాసినదాన్ని చూసే కేరళవాళ్ళు సీటిచ్చారు.”

“తెలుసు. ఆ కంపేసుకుని వస్తే మీ అమ్మ నిన్ను పెరట్లో నిలబెట్టింది. నీళ్ళు తోడి పోసింది నేనే. ఆ సంగతి పెళ్ళివారికి చెప్తే ఎవడు చేసుకుంటాడే నిన్ను?”

“ఆయన చేసుకోవడానికి రాలేదు.”

“నాకేం తెలుసు.”

“విసుగొస్తోందత్తా. సర్టిఫికెట్ల కోసం సచివాలయం మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో గుర్తు కూడా లేదు. ఇంటర్వ్యూకని రెండు బస్సులు మారి పోయా, నిలబడే వచ్చా. అన్నీ దాటి, ఇంటి పక్కన, గ్లాసు మంచినీళ్ళ దగ్గర పోయింది.”

“మజ్జిగ.”

“ఏంటి?”

“మంచినీళ్ళడిగితే మజ్జిగిచ్చా. అల్లుడి తరఫు మడిసని.”

“ఉన్నది ఉన్నట్టు చెప్తే ఏం పోయేదత్తా?”

“ఉన్నది ఉన్నట్టు ఎవరు చెప్తారే, ఒక ఇంటి గుట్టు బయటి మడిసికి? రహిమున్నీసా నోరు తెరిస్తే చివరి వీధి దాకా వినపడుద్ది, మెత్తటి పిల్లని చెప్పా. జాస్మిన్‌కి అన్నం వార్చడం రాదు, వంటలో ఆరితేరిందని చెప్పా. ఇద్దరూ అత్తారిళ్ళల్లో సుఖంగా ఉన్నారు. అది మన ఊరి మర్యాద.”

“నాకు ఆ మర్యాద చేతకాదు. ఫారంలో ఇంటి పైకప్పు ఏంటని అడిగితే కారే రేకులని రాశా. ఒక్క అబద్ధం లేదు అందులో. మంచికైనా చెడ్డకైనా నాకు అబద్ధం రాదు.”

“తెలుసులే. మీ నాన్నకేమో నిజం నోటికి రాదు.”

“అంటే?”

“ఎవరో అడగడానికి వస్తారని ముందు రోజు ఇమాము వచ్చి చెప్పాడు. అదుగో, ఆ స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ‘ఒకాయన వస్తాడక్కా, మా గురించి కాస్త చూసి చెప్పు’ అన్నాడు. అందుకే గదా నేను పెళ్ళివారనుకుంది.”

“చూసి చెప్పు అన్నాడా? మాకేమీ లేదని చెప్పమని అత్తతో చెప్పి రా నాన్నా అని నేను పంపించా.”

“వాడు నీళ్ళు నమిలాడు. ఏదో చెప్పబోయి, మీ గేదె ఈనిందా అక్కా అని అడిగాడు. పక్కింటికొచ్చి ‘మాకేమీ లేదని చెప్పండి’ అని ఏ మగాడంటాడే?”

“మా అంత మర్యాదస్తులు పర్చూరు చుట్టుపక్కల ఉండరు.”

“ఆ వచ్చినాయన నెంబరుందా?”

“రిపోర్టు కింద ఉంది.”

“చెయ్యి. నేను మాట్లాడతా.”

“ఏమని?”

“అబద్ధమాడానని.”

“చెప్తావా నిజంగా?”

“పొద్దున్నించీ దీని కోసమేగా వచ్చి నా ఎదురుగా కూచున్నావ్. అడగొచ్చుగా నోరు తెరిచి. ఆ మాటకొస్తే నువ్వూ మీ నాన్న కూతురివే.”

“స్పీకర్లో పెడుతున్నా. మిరప చేత్తో ఫోను ముట్టుకోకు.”

“మోగుతోందా?”

“మోగుతోంది. హలో, నమస్కారమండీ. స్కాలర్‌షిప్పు విచారణకొచ్చిన మార్కు గారేనా?”

“అవునమ్మా, మార్కునే. ఎవరు?”

“నా పేరు సాజిదా అండీ. పర్చూరు పక్కన...”

“తాబేళ్ళ అమ్మాయి. గుర్తున్నావమ్మా.”

“మార్కంట గదే. మీవాడు కాదా అయితే?”

“అత్తా, వినపడుద్ది. సార్, మీరు మాట్లాడిన పక్కింటావిడ, బసవమ్మ గారు, మీకో మాట చెప్పాలంటున్నారండీ.”

“మజ్జిగిచ్చిన పెద్దావిడ. చెప్పమనమ్మా.”

“అయ్యా, నేను ఆ రోజు చెప్పినయ్యన్నీ అబద్ధాలండీ.”

“ఏవమ్మా?”

“అన్నీనండీ. అయిదెకరాలు వాళ్ళవి కాదు, నాయి. అయినా నాకుంది మూడే. డాబా లేదు, చేతి కింద పనోళ్ళు లేరు. పిల్ల గట్టిగానే మాట్లాడుద్ది. గడప దాటకపోవడమేంది, తెల్లారితే బస్సెక్కి వాడరేవు పోద్ది. చేపల్లో చెయ్యి పెడుద్ది, కత్తి కూడా పెడుద్ది. మీరు పెళ్ళివారనుకున్నానయ్యా.”

“అనుకుంటారమ్మా. బడిలో రిటైరయిన దగ్గర్నుంచీ ఇదే పని చేస్తున్నా. ఏ ఊరెళ్ళినా నన్ను పెళ్ళివారనే అనుకుంటారు. ట్రస్టు అని చెప్పాను గదమ్మా మీకు.”

“చెప్పార్లెండి. నేనే వినలా.”

“ప్రతి ఇంటికీ అయిదెకరాలే చెప్తారు. మార్టూరు వైపు వెళ్తే గ్రానైటు క్వారీలు కూడా చెప్తారు. మీరు చెప్పారు గనక రాశాను. రెండో పేజీలో నా కళ్ళతో చూసింది కూడా రాశాను. కారే రేకులు, మోపెడ్, సెంటు భూమి లేదని రికార్డు.”

“నాకు మొదటి పేజీ ఒకటే వచ్చిందండీ.”

“రెండోది పంపరమ్మా. ఇలాంటి పక్కింటి మాటలకి ట్రస్టువాళ్ళు కూడా అలవాటు పడిపోయారు. వాటివల్ల పోలేదు ఇది.”

“మరి దేనివల్ల పోయిందండీ?”

“చెప్పకూడదు. చెప్పకపోతే నువ్వు ఈ పెద్దావిడ మీద కోపం పెట్టుకుని చదువు మానేసేట్టున్నావ్. మీ నాన్నగారు రాసిచ్చారమ్మా.”

“మా నాన్నా? ఆయన్ని కూడా కలిశారా?”

“తండ్రి మాట తప్పనిసరి. అంకమ్మరావు గారి ఇంటి ముందు చెట్టు నీడన పరుపు కుడుతున్నారు. చుట్టూ అయిదారుగురున్నారు. వాళ్ళ ముందు అడగడం నా పొరపాటే. ఫారంలో ప్రశ్నే అంత. ‘మీ అమ్మాయిని మీ అంతట మీరు చదివించగలరా?’”

“ఏమన్నారండీ?”

“సూది కింద పెట్టి లేచి నిలబడ్డారు. ‘నా కూతుర్ని నేను చదివించుకోగలనండీ’ అన్నారు. పక్కకి రమ్మన్నా, రాలేదు. ఇంకోసారి అడిగా, అదే మాట. అదే తన చేత్తో రాసి సంతకం పెట్టారు. తండ్రి చేత్తో రాసిన మాట దాటి ట్రస్టు వెళ్ళదమ్మా. వింటున్నావా?”

“వింటున్నానండీ.”

“అప్పీలు చేసుకోవచ్చు. శుక్రవారం దాకా టైముంది. ఆయన చేత్తోనే ఇంకో కాగితం రావాలి. ‘చదివించే శక్తి నాకు లేదు’ అని. టైపు చేసింది పనికిరాదు, నువ్వు రాసి సంతకం పెట్టించింది పనికిరాదు. ఆయనే రాయాలి. అది వస్తే నేనే దగ్గరుండి తీసుకెళ్ళి ఇస్తా. సీటు తెచ్చుకున్న పిల్లవి, వదులుకోకు.”

“సరేనండీ.”

“రాయిస్తావా?”

“ఉంటానండీ.”

“అదేందే, ఆయన మాట్లాడుతుంటే పెట్టేశావ్?”

“అయిపోయిందిగా చెప్పేది.”

“అంకమ్మరావంతటి పెద్దరైతు ముందా అడిగేది? ఆ ఇంటికి మీ తాత కాలం నుంచీ పరుపులు కుడుతున్నారు. అక్కడ ఆ మాట అనక ఏం చేస్తాడు ఇమాము?”

“ఊ.”

“పోనీలే, దారి చెప్పాడుగా. ఒక్క ముక్కేగా. వచ్చాక రాయిద్దాం.”

“వద్దత్తా.”

“ఏంది వద్దు?”

“నేను రాయించలేను. చిన్నప్పట్నుంచీ నేనేది అడిగినా మా నాన్న లేదు అన్లేదు. లేనప్పుడు రేపు అనేవాడు. ఇప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి, కాగితమిచ్చి, లేదు అని రాయమంటే?”

“మరి నీ సీటు?”

“ఒంగోలు వైపు రొయ్యపిల్లల హేచరీలు చాలా ఉన్నయ్. ఏదో ఒకదాంట్లో చేరతా.”

“తాబేళ్ళో?”

“వాటిని చూసేవాళ్ళు ఎవరో ఒకరుంటారు.”

“ఎవరున్నారు? ఒడ్డున అందరూ ముక్కు మూసుకుని పోయేవాళ్ళేనని నువ్వే చెప్పావ్.”

“చాలత్తా. ఓపిక లేదు నాకు. ఆయన అందరి ముందూ తలెత్తుకుని రాసిన మాట. దాన్ని కొట్టేయమని నేను అడగను.”

“అడక్కపోతే ఎట్టానే?”

“అదుగో బండి వస్తోంది. నాన్నతో ఏమీ అనకు. నీకు దణ్ణం పెడతా.”

“మొహం దగ్గరికి పోనీకు ఆ చేతులు, మంటెత్తుద్ది.”

“అక్కా, కాసిని మంచినీళ్ళియ్యి. ఎండ మాడిపోతోంది. ఏమ్మా సాజిదా, నువ్వూ ఇక్కడే ఉన్నావా?”

“తొడిమలు తీస్తున్నా నాన్నా. ఇదుగో చెంబు, తాగు.”

“చల్లగా ఉన్నయ్. ఆ స్కాలర్‌షిప్పు కబురేమన్నా తెలిసిందా అమ్మా?”

“ఇంకా లేదు నాన్నా.”

“లేదా? నెల కావస్తోందిగా.”

“టైం పడుతుందంట.”

“వస్తదిలే. నాకేం బెంగలేదు. నీకు చెప్పలా, విచారణకొచ్చినాయన నా దగ్గరికి కూడా వచ్చాడు. అంకమ్మరావు గారు, వాళ్ళంతా ఉన్నారు. అంతమందిలో అడిగితే నేను తడబడతాననుకున్నాడేమో. తడబళ్ళా. నిన్ను ఎవరూ తక్కువగా చూడకుండా గట్టిగా చెప్పా. రాసిమ్మన్నాడు, రాసిచ్చా. దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంత బాగా చెప్పా.”

“మంచిది నాన్నా.”

“ఏందక్కా, నువ్వు పలకవే? ఆయన నీ దగ్గరికి కూడా వచ్చాడంటగా. మంచిగానే చెప్పావా మా గురించి?”

“చెప్పా ఇమామూ, అయిదెకరాలు చెప్పా. ముందు ఇట్టా కూచో. నీ కూతురికి అబద్ధం చేతకాదు, ఆ స్కాలర్‌షిప్పు కబురు పొద్దున్నే వచ్చింది.”